సమాధుల తోటలో దొరికిన అబ్బాయి

"ఎవడే వాడు?"

సమాధుల తోట గేటు దగ్గర అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసరికి కాల్‌సెంటర్ అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. భోజనం వేళ కూతురు ఆఫీసు వదిలి ఎక్కడికో వెళ్తోందని ఎవరో చెప్పారట. అమ్మ వెనకాలే వచ్చేసింది.

అసలు సంగతి వేరు. ఆ మధ్య ఒక కస్టమర్ ఫోన్‌లో తిడుతుంటే ఆమెకు ఊపిరాడలేదు. హెడ్‌సెట్ పీకేసి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. మందులతో పాటు, రోజూ కాసేపు చెట్ల మధ్య కూర్చోమంది డాక్టరమ్మ. పార్కులో ఆఫీసు వాళ్ళు ఎదురవుతారు. ఇక్కడైతే పాత సమాధులు, వాటి మీదికి వంగిన చెట్లు, పక్షుల గోల. ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు లేరు. కాసేపు కూర్చుంటే బిగుసుకున్న భుజాలు వదులయ్యేవి.

ఇదంతా అమ్మకి చెప్పడమా? చెప్పాక ఆమె ముందు తలెత్తుకోగలదా? అంతకంటే ప్రేమని చెప్పడమే నయమనిపించింది.

"అదిగో, అతనే!" అని బెంచీ మీది కుర్రాణ్ణి చూపించేసింది. రోజూ చూడటమే తప్ప ఒక్క మాటైనా మాట్లాడింది లేదు.

అమ్మ నేరుగా అతని దగ్గరికే వెళ్ళింది. "ఏం బాబూ, ప్రేమించుకోవడానికి మీకింకో చోటే దొరకలేదా?"

అమ్మ వెనక నిలబడి దణ్ణం పెడుతున్న అమ్మాయిని చూశాడతను.

"ఇక్కడ... ప్రశాంతంగా ఉంటుందండీ."

"ఏం చేస్తుంటావ్?"

"లిఫ్ట్ మెకానిక్‌నండీ."

"ఆదివారం ఇంటికి రా. మాట్లాడాలి."

అమ్మ వెళ్ళిపోయాక అమ్మాయి మొహం రెండు చేతులతో కప్పుకుంది. "సారీ అండీ. ఇక్కడే ఓ గొయ్యి తీసుకుని పడుకోవాలనుంది."

"కుదరదండీ. అన్నీ బుక్కయిపోయాయి."

పక్కున నవ్వింది. నవ్వినందుకు ఇంకా సిగ్గేసి, ఉన్నదంతా చెప్పేసింది.

అతను బెంచీ మీద పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. "ఒకసారి రిపేరు చేస్తూ లిఫ్టులో ఇరుక్కుపోయానండీ. అప్పట్నుంచి లోపల అడుగుపెడితే చెమటలు. మెకానిక్‌ని, లిఫ్టంటే భయమని ఎవరితో చెప్పుకోను? ఇక్కడైతే తలెత్తితే ఆకాశమే."

ఆదివారం వచ్చాడు. వాళ్ళది పై అంతస్తు. తలుపు తీస్తే అతని చొక్కా చెమటతో తడిసి ముద్దయి ఉంది.

"అయ్యో, లిఫ్ట్ పనిచెయ్యట్లేదా?" అంది అమ్మ.

"పనిచేస్తోందండీ."

నాన్న పగలబడి నవ్వాడు. "లిఫ్ట్ మెకానిక్ మెట్లెక్కి వచ్చాడే!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి, అమ్మాయిని చూసి ఆగిపోయాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగదే! ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"నవ్వకు నాన్నా. అబద్ధమాడింది నేను. ఇతను నాకేమీ కాడు." ఆఫీసులో ఏడ్చిన సంగతీ, డాక్టరు మాటా చెప్పేసింది. ఆ వెంటనే అతనూ తన భయం చెప్పాడు.

నాన్న నవ్వు అక్కడే ఆగిపోయింది. "తప్పయింది బాబూ."

అమ్మ సోఫాలో కూలబడింది. "అబ్బాయి ఉన్నాడని చెప్పగలిగినదానివి, బాగోలేదని చెప్పలేకపోయావా? మేమంత పరాయివాళ్ళమా?" కళ్ళు తుడుచుకుంది. "అయితే మీ మధ్య ఏమీ లేనట్టేనా?"

"ఏమీ లేదమ్మా," అంది అమ్మాయి.

"ఉందండీ," అన్నాడతను, ఆమెతో పాటే.

అందరూ అతన్నే చూశారు.

"ఆవిడ రాని రోజు నాకు చెట్లు కూడా పనిచెయ్యట్లేదండీ."

అమ్మ లేచి, నాన్న చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ముందే చెప్పొచ్చుగా?" అంది అమ్మాయి, గొంతు తగ్గించి.

"చెబుదామనే అనుకున్నా. మీ అమ్మగారు తొందరపడ్డారు."

ఆమె తల దించుకుంది. మళ్ళీ సిగ్గే. కానీ ఈ సిగ్గు ఆమెకు బాగుంది.