పాటల జల్లెడ

చిన్న కథ. వక్క నమిలేలోపు అయిపోతుంది. మా నల్లగుట్టపల్లెలో చిన్న కథలు చెప్పేది నేనొక్కడినే. మా సర్పంచి టీ తాగిన సంగతి చెప్పడానికి కూడా మైకు తెప్పిస్తాడు. ఆయనకు మైకంటే ఎందుకంత ఇష్టమో ఇంకోసారి చెబుతాను.

భాద్రపదం దాటాక ఉత్తర దేశాల నుంచి సన్నపిట్టలు వలస వస్తాయి. అన్నీ మట్టిరంగే. చదువుకున్నవాళ్లు బైనాక్యులర్స్‌లో చూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. మా ఓబులేసు మాత్రం కళ్లు మూసుకుని, కూత విని ఏ పిట్టో చెప్పేస్తాడు. ఈ ఒక్క విషయంలో అతన్ని ఎగతాళి చేద్దామంటే ఏమీ దొరకలేదు. చాలా వెతికాను.

కాలువగట్టు మీది వావిలి పొదకు ఐదేళ్లుగా ఒకే పిట్ట వస్తోందని అతని వాదన. పొద అతని భార్యకు అన్న అయిన మద్దిలేటిది. నరికేసి నిమ్మ వేస్తానని ఆయన పట్టు.

"అదే పిట్ట అని రుజువు చెయ్యి, గొడ్డలి లోపల పెట్టేస్తా" అన్నాడు మద్దిలేటి.

అందుకే పక్షుల మీద పరిశోధన చేసే డాక్టర్ షహనాజ్ తన మెషీన్ తెచ్చింది. ఈ జాతి పిట్ట తిరిగిన చోటల్లా విన్న శబ్దాలను తన పాటలో కలుపుకుంటుంది. మెషీన్ ఆ పాటను రికార్డ్ చేసి, జల్లెడ పట్టినట్టు ముక్కలు విడదీసి, ఏది ఎక్కడ, ఎన్నేళ్లు విన్నదో చెబుతుంది.

"ఇవాళ పొద్దున్నే దిగింది మేడమ్" అన్నాడు ఓబులేసు.

"అయితే మీ ఊరి శబ్దం ఇప్పటికే పాటలో ఉంటే, ఇది పాత పిట్టే."

స్క్రీన్ మీద మొదటి ముక్క సైబీరియా ఏటిగట్టుది. రెండోది హిమాలయాల కింది అడవిది. మూడోది మనిషి ఈల, ఐదు చలికాలాలది.

"నా ఈలే" అన్నాడు ఓబులేసు, కళ్లు తుడుచుకుంటూ.

"వెయ్యండి."

వేశాడు. కలవలేదు. మళ్లీ వేశాడు.

"గొంతు ఎండింది మేడమ్."

అంతలో మద్దిలేటి ఎద్దులను నీళ్లకు తోలుకొచ్చాడు. అవి మూతి పెట్టగానే, కడుపునిండా తాగాలని రోజూ వేసే సన్నని ఈల అందుకున్నాడు. స్క్రీన్ పచ్చబడింది.

"అయ్యా, పిట్ట నేర్చింది మీ దగ్గరే" అంది డాక్టర్.

ఈల ఆగింది. ఎద్దులు తాగడం ఆపాయి.

"నా దగ్గరా?" అన్నాడు మద్దిలేటి. ఆ ముక్కను నాలుగుసార్లు పెట్టించుకుని విన్నాడు.

గొడ్డలి లోపలికి పోయింది. వారం తిరక్కముందే పొద చుట్టూ కంచె లేచింది.

"నువ్వు దగ్గరికి రావద్దు ఓబులేసూ. నీ ఈల వింటే దాని పాట పాడవుతుంది" అన్నాడు మద్దిలేటి.

ఓబులేసు ఇప్పుడు కాలువ అవతలి గట్టు మీద కూర్చుని వింటున్నాడు.