నాలుగో తూటా డొల్ల

శవం వంటింటి గుమ్మంలో పడి ఉంది. తల హాల్లో, కాళ్ళు వంటింట్లో.

ఛాతీలో మూడు తూటాలు. కుడిచేతి పక్కన చిన్న నల్ల పిస్టల్. వంటింటి నేలంతా నీళ్ళు. సింకు కింద పైపు సగం ఊడదీసి ఉంది.

ఇవన్నీ ఫొటోల్లో. విచారణకని వేసిన డీఎస్పీ ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి వారం దాటింది. నెత్తురు కడిగేశారు. గుమ్మం చెక్కలో మాత్రం మరక ఇంకిపోయింది. దాన్ని తొక్కకుండా దాటడానికి ఆమె కాలు బాగా చాపాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆమె చాలా శవాల్ని చూసింది. తోటి పోలీసులు చంపిన మనిషి ఇంటికి రావడం మాత్రం ఇదే మొదలు.

చనిపోయినవాడు ప్లంబర్. ఇల్లు అతని అక్కది. నగల దుకాణం దోచుకుని వాచ్‌మన్‌ని చంపిన కేసులో అతని మీద అనుమానం ఉంది. పట్టుకోడానికి ఇద్దరు వెళ్ళారు. ఒకరు ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని ఎస్సై. రెండోవారు హెడ్ కానిస్టేబుల్. ఫైరింగ్ రేంజిలో శిక్షణ ఇచ్చే ఆయన్ని డిపార్టుమెంటంతా 'మాస్టారు' అంటుంది. ఆ రోజు స్టేషన్లో మనుషులు చాలక ఆయన్ని తోడిచ్చి పంపారు.

పోలీసులు చెప్పింది ఇదీ. ఉదయం 11:10కి ఎస్సై లొంగిపొమ్మని అరిచాడు. ప్లంబర్ పిస్టల్‌తో వంటింట్లోంచి బయటికొచ్చి ఒక రౌండు కాల్చాడు. అది వీధి తలుపు పైన గోడలో దిగింది. ఎస్సై ఆత్మరక్షణ కోసం మూడు రౌండ్లు కాల్చాడు. అంతే.

ఊరు రెండుగా చీలిపోయింది. ఒక వీధిలో ఎస్సై ఫొటోతో బ్యానర్లు కట్టారు. పక్క వీధిలో 'హంతకులు' అని గోడల మీద రాశారు. టీవీలో ఇటు నలుగురు, అటు నలుగురు కూర్చుని, ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుచుకుంటున్నారు.

డీఎస్పీ ఇంట్లోనూ అదే గోల.

"కాల్చి మంచి పని చేశారు. కోర్టులకెళ్తే మనవడికి పెళ్ళయ్యేదాకా సాగుతుంది" అంది అత్తగారు, పొద్దున్నే పేపరు పక్కన పడేసి.

"మరి రేపు పొరపాటున నాన్నని కాలిస్తేనో నానమ్మా?" అంది కూతురు, జడ వేసుకుంటూ.

"మీ నాన్నని ఎవరు కాలుస్తారే! పిల్లిని చూసి దారిస్తాడు."

అప్పుడే ఫోన్ మోగింది. డీఎస్పీ ఎత్తింది. మగ గొంతు. మర్యాదగానే ఉంది.

"మేడమ్, మీ అమ్మాయి వెళ్ళే బస్సు ఎడమవైపు అద్దం పగిలింది. చూసుకోమని చెప్పండి."

లైను కట్టయింది. ఆమె కిటికీ దగ్గరికి పరిగెత్తింది. బస్సు వచ్చి ఆగింది. ఎడమవైపు అద్దం నిజంగానే పగిలి ఉంది. ఆమె కూతుర్ని ఆ రోజు స్కూలుకి పంపలేదు. ఆ గొంతు ఎవరిదో ఆ తర్వాత కూడా తేలలేదు.

విచారణకి వెళ్తే ప్లంబర్ అక్క ఉండే వీధి వీధంతా ఒకటే పాట. "మా ఇంట్లో టీవీ గట్టిగా పెట్టుకున్నామండీ, ఏం వినపళ్ళేదు." ఆ పూట ఆ వీధిలో టీవీ పెట్టనివాడే లేడు.

ప్లంబర్ అక్క బట్టలు కుట్టే మనిషి. ఆమె మిషను ముందునుంచి లేవలేదు. సూదిలో దారం మాత్రం లేదు.

"మీ తమ్ముడి చేతిలో పిస్టల్ చూశారా అమ్మా?"

"నాకేం తెలీదండి."

"పోలీసులు వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

"తెలీదండి."

"చూడండి, మీ మంచికే చెబుతున్నా. ఆ పిస్టల్ నిజంగా మీ తమ్ముడిదే అని నేను రిపోర్టు రాస్తే, ఇంట్లో ఆయుధం దాచినందుకు మిమ్మల్ని అరెస్టు చేస్తారు. ఆర్డరు టైపై ఉంది. సంతకమే తరువాయి."

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపు నిండా భయమే. అయినా అదే మాట. "నాకేం తెలీదండి."

డీఎస్పీ ఇల్లంతా మళ్ళీ వెతికించింది. ఎస్సై తుపాకీ నుంచి రాలిన మూడు ఖాళీ డొల్లలు హాల్లోనే దొరికాయి. గోడలో దిగిన నాలుగో తూటాది మాత్రం డొల్ల లేదు. బీరువా కింద చూశారు. చాపలు దులిపారు. నీళ్ళకి తూములోకి కొట్టుకుపోయి ఉంటుందన్నారు అందరూ. తూముకి సన్నటి జల్లెడ బిగించి ఉంది. అందులో చిటికెనవేలు కూడా పట్టదు.

ఇంకొకటి కూడా ఆమెకి మింగుడుపడలేదు. ప్లంబర్ సంచిలో సామానంతా ఉంది. పైపు రెంచి లేదు. రెంచి లేకుండా ఆ పైపు ఎలా ఊడదీశాడు?

ఎస్సైని పిలిపించింది. బ్యానర్లలో ఛాతీ విరుచుకున్న మనిషి ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"నాలుగడుగులు."

"పిస్టల్ ఏ చేత్తో పట్టుకున్నాడు?"

"కుడి... కుడిచేత్తోనే మేడమ్."

"ముందు ఎవరు కాల్చారు?"

"అతనే."

"సరిగ్గా చెప్పు. నీకు నిద్ర పడుతోందా?"

అతను మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు. సగం చొక్కా మీద పడ్డాయి.

మధ్యాహ్నం డీఎస్పీ రేంజికి వెళ్ళింది. పిస్టల్ పేలితే డొల్ల ఎంత దూరం ఎగిరి పడుతుందో కళ్ళారా చూద్దామనుకుంది. రేంజిలో మాస్టారు ఒక్కరే ఉన్నారు. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆమెకి తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే.

"రా అమ్మాయ్. విచారణ ఎందాకా వచ్చింది?"

"అక్కడే ఉంది మాస్టారూ. ఒక రౌండు కాల్చుకుంటాను."

కాల్చింది. బొమ్మ మీద చిల్లు పడింది. ఆయన బాగుందన్నట్టు తలూపారు. ఆమె ఏదో ఆలోచిస్తూ తుపాకీ ఒరలో పెట్టింది. తర్వాత నేల వైపు చూసింది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. డొల్ల లేదు.

చదునైన సిమెంటు నేల. దాక్కోడానికి చోటే లేదు.

"ఏం వెతుకుతున్నావ్?"

"డొల్ల మాస్టారూ. ఇప్పుడేగా కాల్చాను."

ఆయన గట్టిగా నవ్వారు. "జేబు చూసుకో తల్లీ!"

చొక్కా జేబులో వేలికి వెచ్చగా తగిలింది. ఎప్పుడు వంగిందో, ఎప్పుడు ఏరిందో ఆమెకి గుర్తే లేదు. పేల్చిన ప్రతి డొల్లా ఏరి లెక్క అప్పజెప్పాలని ఆయన తిట్టి తిట్టి నేర్పించిన అలవాటు.

"ఒంటికి పట్టిందంటే పోదమ్మాయ్..." అంటూ ఆయన మాట మధ్యలో ఆపేశారు.

ఆయన మొహంలో నవ్వు పోయింది. ఆమె ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది. చుట్టూ మట్టిదిబ్బలు. ఇక్కడ తుపాకీ పేలితే ఎవరూ ఇదేమిటని చూడరు. రోజూ పేలేదే. తండ్రిలాంటి మనిషి దగ్గర నిలబడి ఆమె మొట్టమొదటిసారి భయపడింది. జేబులోని డొల్ల తీసి, బల్ల మీదున్న పాత బిస్కెట్ల డబ్బాలో వేసింది. ఖాళీ డొల్లలన్నీ పోగేసేది అందులోనే.

"వస్తాను మాస్టారూ."

"మంచిది."

గేటు దాకా నడుస్తుంటే వీపు మీద ఆయన చూపు తెలుస్తూనే ఉంది. పరిగెత్తకూడదని పళ్ళు బిగబట్టి నడిచింది. జీపెక్కాక చేసిన మొదటి పని, ఆ డబ్బాకి వెంటనే సీలు వేసి ల్యాబుకి పంపమని ఫోన్ చేయడం.

రెండు రోజుల తర్వాత, ఉదయం పదింటికి, ప్లంబర్ అక్క ఇంట్లోనే అందర్నీ కూర్చోబెట్టింది. ఎస్పీ వచ్చారు. ఎస్సై, మాస్టారు గోడవారగా కూర్చున్నారు. ప్లంబర్ అక్క మిషను దగ్గరే ఉంది. వీధి మొగలో రెండు గుంపులు రెండు రకాల నినాదాలు చేస్తున్నాయి. కిటికీ మూసినా వినపడుతున్నాయి.

"ఎస్సై గారూ," అంది డీఎస్పీ, "మీరు మూడు రౌండ్లు కాల్చారు. డొల్లలెందుకు ఏరలేదు? ట్రైనింగులో ఏరమని నేర్పారు కదా?"

"ఏరడమా?" అన్నాడు ఎస్సై. "మేడమ్, అప్పుడు నా చేతులే నాకు కనపడలేదు."

"భయమేసిందా?"

"చచ్చేంత భయమేసింది."

"అదీ సంగతి. భయంతో కాల్చినవాడు డొల్లలు ఏరడు. మూడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగోది కాల్చినవాడు మాత్రం వంగి ఏరుకున్నాడు. అంటే అతనికి అప్పుడు భయం లేదు. రేంజిలో ఉన్నంత తీరిగ్గా ఉన్నాడు. ఎందుకంటే ఎదురుగా ఉన్న మనిషి అప్పటికే చచ్చిపోయాడు."

ఎస్పీ ముందుకి వంగారు. "ప్లంబరే ఏరి ఉండొచ్చు కదా?"

"పోలీసుల మీద కాల్పులు జరుపుతూ మధ్యలో వంగి ఏరుకున్నాడా సార్? అతని జేబులో లేదు, సంచిలో లేదు. తూములో పడే వీల్లేదు. ఏరే అలవాటు ఉన్నది పోలీసోడికే. ఆ గదిలో పోలీసులు ఇద్దరే. ఎస్సై గారి చొక్కాని నెత్తురు మరకలున్నాయని ఆ రోజే సీజ్ చేశారు. జేబులో పెన్ను తప్ప ఏమీ లేదు."

డీఎస్పీ ఎస్పీ వైపు తిరిగింది.

"రేంజిలో ఒక డబ్బా ఉంది సార్. అందులో డొల్లలన్నీ మన సర్వీసు తూటాలవే. ఒక్కటి మాత్రం సైజులో చిన్నది. ఇక్కడ దొరికిన నల్ల పిస్టల్‌లో పేలిందేనని పొద్దున ల్యాబు వాళ్ళు చెప్పారు. మాస్టారూ, అది అందులోకి ఎలా వచ్చింది?"

మాస్టారు తన అరిచేతుల్ని చూసుకున్నారు.

"ఇంటికెళ్ళి చొక్కా విప్పుతుంటే జేబులో తగిలింది. పారేద్దామనే బయల్దేరాను. కాలవ దాకా వెళ్ళాను అమ్మాయ్. చెయ్యి రాలేదు. తీసుకెళ్ళి డబ్బాలో వేశాను."

"పిస్టల్ ఎక్కడిది?"

"పాత కేసుది. ల్యాబుకివ్వాలని ఆ పొద్దున సంచిలో పెట్టుకున్నా."

"ప్లంబర్ చేతిలో ఉన్నది రెంచే కదా?"

"అవును. దాన్నే పిస్టలనుకున్నాడు వీడు. తర్వాత నేనే దాన్ని రేంజి మట్టిదిబ్బలో పాతిపెట్టాను." ఆయన ఎస్సై వైపు చూశారు. "ఈ కుర్రాడు గోడకి చేరగిలబడి అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాడు. బయట కూర్చోమని పంపేశాను. వీడికి కాల్చడం నేర్పింది నేను. ఎప్పుడు కాల్చకూడదో నేర్పడానికి నాకు టైమివ్వలేదు. ఒకడెలాగూ పోయాడు, రెండోవాణ్ణయినా కాపాడుకుందాం అనుకున్నా."

"మూడో మనిషి సంగతో?" డీఎస్పీ గొంతు హెచ్చింది. వచ్చిన కోపాన్ని ఆమె దాచుకోలేదు. "ఈవిణ్ణి జైలుకి పంపుతారని తెలిసి కూడా నోరు మూసుకున్నారే!"

మాస్టారు తలొంచుకున్నారు. ఎస్పీ లేచి ఆయన దగ్గరికి వెళ్ళి, బెల్టు ఇమ్మన్నట్టు చెయ్యి చాపారు. ఎస్సై అడక్కుండానే తన తుపాకీ తీసి బల్ల మీద పెట్టాడు.

డీఎస్పీ ప్లంబర్ అక్క పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ మీద ఇంక ఏ కేసూ ఉండదు. ఇప్పుడైనా చెప్పండమ్మా. వీళ్ళకి భయపడే ఇన్నాళ్ళూ చెప్పలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వాడు సింకు కిందకి దూరి పడుకున్నాడండి. నీళ్ళ చప్పుడుకి వాడికి వీళ్ళ కేక వినపళ్ళేదు. నాకు వినపడింది. కాలు పట్టుకుని లాగి, పోలీసులొచ్చార్రా అన్నాను. ఉండక్కా, ఈ నట్టు తిప్పేసి వస్తా అన్నాడు. నేనే కసిరాను. తప్పు చెయ్యనివాడికి భయమెందుకురా, పోయి మాట్లాడు అని లేపి పంపాను. లేచి వెళ్ళాడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చేతిలోది అక్కడ పెట్టి వెళ్ళరా అని చెప్పాలని నాకు తోచలేదండి."

డీఎస్పీ ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకుంది. రాస్తుండగా వీధి తలుపు ఎవరో దబదబా కొట్టారు. ఏ గుంపువాళ్ళో తెలీదు.

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు, ఎస్పీతో సహా. తీయడానికి ఎవరూ లేవలేదు.