ఐస్ ఫ్యాక్టరీ దిగుడులో తోసేవాడు

ఆ దిగుడులో అన్యాయమైపోయినవాడు ఒక లారీ క్లీనరు. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, జులై నెల, ముసురు పట్టిన సాయంత్రం.

మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ — కిటికీలకి అద్దాల్లేవు, గోడ మీద మంచుగడ్డ బొమ్మ సగం చెరిగిపోయింది — దాని గేటు ముందు నుంచే రోడ్డు కిందికి జారుతుంది. అక్కడ లోడు లారీ ఆగింది. టైరు కింద రాయి పెట్టమంటే క్లీనరు వంగాడు. పైన డ్రైవరు యజమానితో కబుర్లాడుతూ బ్రేకు మీంచి కాలు తీశాడు. అంతే. తర్వాత పెద్దమనుషులు కూర్చుని, "తప్పు క్లీనరుదే" అని తేల్చేశారు. చచ్చినవాడు లేచి కాదనడు గదా!

అప్పట్నుంచి వాడు తోస్తాడట.

చీకటి పడ్డాక ఆ దిగుడులో బండి ఆపితే చాలు... ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు ఏమీ ఉండదు... ఆ తర్వాత వెనకనుంచి భుజం పెట్టి తోసినట్టు — ధబ్!

అందుకే నీళ్ల టాంకర్ల వాళ్లు గేటు దగ్గరికి రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నా, దిగుతున్నాం, చెయ్యి తియ్యి" అని చెప్పుకుని మరీ దిగుతారు. దేనికీ తల వంచని మొనగాళ్లు కూడా అక్కడ వంచుతారు.

ఇది ఆవిడ నోట విన్నవాళ్లు చెప్పగా విన్న కథ. ఉప్పూ కారం ఎవరు కలిపారో తెలీదు. నేను మాత్రం నీళ్లు కలపలేదు.

ఆవిడంటే లాండ్రీ వదిన. మరిది అలా పిలిచేవాడు, ఆ పిలుపే వీధంతా అందుకుంది. లాడ్జీల దుప్పట్లు, ఆస్పత్రి పక్కగుడ్డలు తెచ్చి ఉతికి ఇచ్చే వ్యాపారం. మూటలు మొయ్యడానికి ఒక చిన్న ఎస్‌యూవీ కొనుక్కుంది. డబ్బు ఆవిడది, చెమట ఆవిడది, డ్రైవింగు ఆవిడది. కాగితాలు మాత్రం మరిది పేరు మీద! మగపిల్లాడి పేరుంటే బండికి నిండుదనం అని అత్తగారి సిద్ధాంతం. మొగుడేమన్నాడంటారా? ఆ మహానుభావుడు పెళ్లిలో "ఊఁ" అన్నాడు, ఆ తర్వాత మళ్లీ నోరు తెరిచినట్టు దాఖలా లేదు.

అత్తగారు ఇంకో మాట కూడా అనేది. "ఒక్క గీత పడిందా, తాళం చెవి చిన్నోడి చేతికి. నువ్వు రిక్షాలో పో."

ఆ మాట వదిన గుండెల్లో మేకులా ఉండిపోయింది. బండి పోతే వ్యాపారం పోయినట్టే.

ఆ ఏడు వ్యాపారం అసలే కుంటుతోంది. లాండ్రీ సంపులోకి మరిదే వారం వారం టాంకరు నీళ్లు పోస్తాడు, అయినా మధ్యలోనే అడుగంటేది. సంపుకి చిల్లి పడిందని ప్లంబరుని పిలిచింది. చిల్లి లేదన్నందుకు అతన్ని గుమ్మం దాకా తిట్టుకుంటూ సాగనంపింది.

ఒక వాన సాయంత్రం ఫోను మోగింది.

"వదినా... ఏం చేస్తున్నావ్?"

"ఉతుకుతున్నా. ఎవర్నైనా ఉతకాలా?"

"టాంకరు ఆగిపోయింది. క్లచ్ మాడిపోయింది. ఇంజను తిరుగుతోంది గానీ బండి కదలదు. ఐస్ ఫ్యాక్టరీ గేటు ముందు..." అక్కడికి గొంతు గుసగుసకి దిగింది. "చీకటి పడుతోంది వదినా..."

"క్లచ్‌తో పాటు గుండె కూడా మాడిందా?"

"నవ్వకు. మెకానిక్ షెడ్డు మేస్త్రి లాగుడు బండి పొరుగూరు పోయిందట. ఇక్కడ మలుపు, వెనకనుంచి ఎవడొచ్చి గుద్దుతాడో! నీ బండితో కిందున్న షెడ్డు దాకా లాగిపెట్టు. అమ్మకి మాత్రం చెప్పకు."

వదిన చేతులు తుడుచుకుంది. అడగాల్సిన సమయం అదేనని ఆవిడకి తెలుసు.

"గీత పడకుండా దింపితే బండి కాగితాలు నా పేరుకి మార్చాలి. పడితే తాళం నీకే ఇచ్చేస్తా, మళ్లీ అడగను."

అవతల టాంకరు అద్దం ఎక్కించుకుంటున్న చప్పుడు. తర్వాత, "సరే వదినా, త్వరగా రా... ఇక్కడ ఏదో చప్పుడవుతోంది."

దారిలో షెడ్డు దగ్గర ఆగింది. మేస్త్రి ఆవిడ బండినీ, ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, నీది మేక. అది ఏనుగు."

"లాగడానికి మేక చాలు మేస్త్రీ. ఆపడానికే ఏనుగు కావాలి. ఏనుగు బ్రేకు ఏనుగే వేసుకుంటుంది. తాడు వద్దు, ఇనప రాడ్డు ఇవ్వు."

ఇవన్నీ బండితో వచ్చిన పుస్తకంలోవి. కొన్న రోజునే మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివేసిందావిడ. వంటింట్లో పప్పుకి పొట్లం కట్టిన కాగితం కూడా చదవకుండా పారేసే మనిషి కాదు. అసలు ఇంత బరువు లాగొద్దనే చెప్పింది పుస్తకం. కానీ టాంకరు ఖాళీది, ఇంజను తిరుగుతోంది కాబట్టి దాని బ్రేకులు పనిచేస్తాయి, దూరం కొంచెమే. నడిచే మనిషి కంటే నెమ్మదిగా, మొదటి గేరులో, మధ్యలో రాడ్డుతో... దిగొచ్చు అనుకుంది. ఒప్పు కాదని తెలిసే అనుకుంది. గుండెల్లో దిగిన మేకు అలాంటిది.

గేటు దగ్గరికి చేరేసరికి చీకటి గట్టిపడింది. తుప్పర పడుతోంది. మరిది టాంకరు క్యాబిన్‌లో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాడు, పరీక్ష పోయిన పిల్లాడిలా.

వదిన వెనక సీట్లోంచి ఒక లాడ్జీ దుప్పటి లాగి నెత్తిన కప్పుకుంది. రాడ్డు రెండు కొక్కేలకీ తగిలించింది, పిన్నులు లాగి చూసింది.

"ఖాళీయేగా?"

"ఖాళీ వదినా."

"నన్ను చూసి చెప్పు."

"ఖాళీయే! అమ్మ మీద ఒట్టు."

"ఫోను ఆన్‌లో ఉంచు. నేను 'బ్రేకు' అంటే నువ్వు తొక్కాలి, నాకంటే ముందు నువ్వు ఆగాలి. తెలిసిందా?"

మరిది తల ఊపాడు. తర్వాత కిటికీ కాస్త దించి, చీకట్లోకి గొణిగాడు — "అన్నా, దిగుతున్నాం... చెయ్యి తియ్యి..."

వదిన మొదటి గేరు వేసి ఆక్సిలరేటరు తొక్కింది.

కదలలేదు. ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు ఆగింది... ఆగింది... ఉన్నట్టుండి వదిలేసినట్టు ముందుకి ఉరికింది.

"ఏంట్రా అది?"

"నేనేం చెయ్యలేదు వదినా..."

గేటు దాటారు. దిగుడు మొదలవుతోంది. కింద షెడ్డు బల్బు మినుకుమంటోంది.

"బ్రేకు!"

రెండు బళ్లూ ఆగాయి. వైపర్లు కిర్రుమన్నాయి. ఒక్క ఊపిరి...

ధబ్!

సీటు వదిన వీపుని ముందుకి తోసింది. ఆవిడ కాలు బ్రేకు మీదే ఉంది. అయినా తడి రోడ్డు మీద బండి జానెడు జరిగింది.

"తొక్కరా!"

"తొక్కే ఉన్నా..." ఫోనులో ఏడుపు. "రెండు కాళ్లతో... వదినా, తోస్తున్నాడు... వెనకున్నాడు..."

ఎడమవైపు రాళ్ల గట్టు. ఇంకో రెండు తోపులు తోస్తే బండి గట్టుకి రాసుకుంటుంది. గీత కాదు, సొట్టే. తాళం చెవి మరిది వేలికి ఊగుతున్నట్టు కళ్లకి కట్టింది. ఆవిడకి దెయ్యం మీద భయం కంటే ముందు కోపం వచ్చింది.

కిటికీ దించి అరిచింది. "ఇదుగో, చచ్చినవాడికైనా బతికినవాడికైనా చెప్పేది ఒకటే! నా బండి ముట్టుకున్నావంటే ఊరుకోను!"

ఆ తర్వాత రాడ్డు కీచుమంది. ఈసారి వెనక్కి లాగింది. తర్వాత ముందుకి, కొంచెం మెత్తగా. మళ్లీ వెనక్కి, ఇంకా మెత్తగా...

వదిన కళ్లు చిట్లించింది.

ఉయ్యాల ఆగేటప్పుడు అలాగే గదా ఆగుతుంది? పగబట్టిన దెయ్యం ఇంత పద్ధతిగా, తగ్గించుకుంటూ తోస్తుందా? ఈ దిగుడులో బస్సులు దిగుతాయి, ఆటోలు దిగుతాయి. వాళ్లనెవర్నీ తోశాడని ఆవిడ విన్లేదు. తోశాడని చెప్పినవాళ్లంతా... టాంకర్ల వాళ్లే.

ఇంకో సంగతి. ఖాళీ టాంకరుకి క్లచ్ ఎందుకు మాడుతుంది?

హ్యాండ్‌బ్రేకు బిగించి, దిగి, గట్టు మీది రాళ్లు తెచ్చి రెండు బళ్ల టైర్ల కిందా తన్ని కూర్చోబెట్టింది. టార్చి పట్టుకుని టాంకరు పక్కకి నడిచింది. చల్లటి ఇనుముకి చెవి ఆనించింది.

లోపల... గుబుక్... గుబుక్...

పైన వేలితో తట్టింది. డొల్ల చప్పుడు. నడుం దగ్గర తట్టింది. నిండు కుండ.

"దిగు," అంది నెమ్మదిగా. ఆవిడ నెమ్మదిగా మాట్లాడితేనే ఇంట్లోవాళ్లకి వణుకు.

మరిది దిగాడు.

"ఇందులో ఏముంది?"

"...నీళ్లు."

"ఖాళీ అన్నావే?"

"పోసేసిన టాంకరుని ఖాళీ అనే అంటాం వదినా. సగం పోశాక కవాటం కట్టేస్తాం. గొట్టం ఊరికే బుడబుడలాడిస్తే పోసినట్టే ఉంటుంది. మిగిలింది ఇంకో చోట... అందరూ చేసేదే!"

"లోపల అడ్డుపలకలు ఉంటాయి గదా, నీళ్లు కొట్టుకోకుండా?"

"తుప్పుపట్టి ఎప్పుడో ఊడిపోయాయి."

అదీ సంగతి. తోసేవాడు వెనక లేడు, లోపలున్నాడు. టాంకర్ల వాళ్లు దొంగ నీళ్లు మోసుకుంటూ దిగి, అవి తోస్తే, పాపం చచ్చిన క్లీనరు నెత్తిన వేశారు. చచ్చిన రోజు ఒకసారి, ఆ తర్వాత రోజుకోసారి!

"ఇవి ఎవరింట్లో మిగిల్చిన నీళ్లు?"

మరిది చెప్పుల వైపు చూశాడు.

"ఎవరింట్లో అని అడిగా."

"...మన లాండ్రీలో."

ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు రాస్తే కాగితం తడుస్తుంది. టాంకరు వెనక కవాటం తనే తిప్పేసింది. నీళ్లు భళ్లున రోడ్డు మీద పడి దిగుడంతా ఏరులా పారాయి. మోకాళ్ల దాకా తడిసిన వదిన, జుట్టు ఊడి, నెత్తిన తెల్లదుప్పటి రెపరెపలాడుతూ, ఆ ప్రవాహం మధ్య నిలబడి అరుస్తూనే ఉంది. "నా నీళ్లు! నా నీళ్లన్నీ తిన్నావు గదరా! ప్లంబరుని కూడా తిట్టించావు గదరా!"

కింద మలుపులో ఒక సైకిలు బెల్లు మోగింది. మోగినంత త్వరగానే ఆగింది. ఎవరో వెనక్కి తిరిగి పారిపోతున్న చప్పుడు... ఆ గొడవలో వాళ్లు పట్టించుకోలేదు.

చివరి చుక్క కారాక, రాళ్లు తీసి దిగారు. నడిచే మనిషి కంటే నెమ్మదిగా. మధ్యలో నాలుగైదు సార్లు కావాలనే ఆపి చూసింది. ఏమీ తొయ్యలేదు. షెడ్డు ముందు మేస్త్రి టార్చి వేసి బండి చుట్టూ తిరిగి చూశాడు.

"గీత లేదమ్మా."

మరిది కూడా వంగి చూసి తల ఊపాడు. కానీ మాట ఇవ్వడం వేరు, అమ్మ ముందు అనడం వేరు. రెండు రోజులు నానబెట్టాడు.

మూడో రోజు పొద్దున అత్తగారు వీధిలోంచి రొప్పుతూ వచ్చింది.

"విన్నారా? ఐస్ ఫ్యాక్టరీ దిగుడులో కొత్త దెయ్యం దిగిందట! ఆడదట. నెత్తిన తెల్లబట్ట, విరబోసిన జుట్టు, కాళ్ల కింద నది! 'నా నీళ్లు, నా నీళ్లు' అని ఏడుస్తోందట. సైకిలాయన జ్వరంతో పడుకున్నాడు. దాహంతో పోయిన మనిషై ఉంటుంది, పాపం... ఒసే కోడలా, చీకటి పడితే ఆ దారిన పోకు!"

"పోనత్తయ్యా," అంది వదిన, దుప్పటి మడతపెడుతూ.

"చిన్నోడా, నువ్వు రోజూ అటే గదరా తిరిగేది? నీకేమైనా కనపడిందా?"

మరిది వదిన వైపు చూశాడు. వదిన దుప్పటి మడతలోంచి మరిది వైపు చూసింది.

"కనపడిందమ్మా. దగ్గర్నుంచే."

"అమ్మో! ఏమందిరా?"

"బండి కాగితాలు వదిన పేరు మీదికి మార్చమంది."

అత్తగారు బుగ్గన వేలు పెట్టుకుంది. "దెయ్యానికి కాగితాలతో ఏం పనిరా?"

"తెలీదమ్మా. మార్చకపోతే రోజూ మనింటికే వస్తానంది."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? వచ్చేలానే ఉంది."

అత్తగారు గుమ్మం వైపు చూసి, కొంగు తల మీదికి లాక్కుని, గుసగుసగా అంది. "అయితే ఇంకా కూర్చున్నావేంరా? లే!"

బండి కాగితాల్లో లాండ్రీ వదిన పేరు ఎక్కిన తేదీ: ఆగస్టు ఇరవై మూడు, రెండువేల పంతొమ్మిది, శుక్రవారం.