పెంటమ్మ మోరీ

చేవెళ్ల నుంచి పట్నం పోయే దారిలో, మొయినాబాద్‌కు ఇవతల, రోడ్డు ఎత్తెక్కే చోట, వాన నీళ్లు కింద నుంచి పారే ఒక మోరీ ఉండేది. నిండు చూలాలు పెంటమ్మ దవాఖానకు పోతూ అక్కడే ప్రాణం విడిచిందట. అప్పటి నుంచి కడుపుతో ఉన్నామెను తీసుకుపోయే మోటరు ముందు భాగానికి కొత్త చీర కట్టి పంపేవారు. కట్టినా మోటర్లు అక్కడే ఆగేవి, కొందరు చూలాళ్లు దారిలోనే పోయేవారు. ఆమె కోపం ఇంకా తీరలేదని జనం అనుకునేవారు.

బట్టల వర్తకుడు కాశీనాథ్‌కు ఆ మాట వింటేనే ఒళ్లు మండేది.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో ఒక రాత్రి అతని భార్య శారదాదేవికి కాన్పు కష్టమైంది. మంత్రసాని చేతులెత్తేసింది. కాశీనాథ్ తన పాత మోటరు తీశాడు. వెనక సీట్లో, కోడలి తల ఒళ్లో పెట్టుకొని తల్లి సావిత్రమ్మ.

మోరీ దగ్గర పడేసరికి... రేడియేటరు మూత మీద వేడిని చూపే గాజుగొట్టంలో ఎర్రగీత పైకి పాకింది. ఎత్తు సగం ఎక్కాక ఇంజను దగ్గి, ఆగింది.

బుస్సుమని ఆవిరి.

"వచ్చిందిరా కాశీ..."

"నీ నోరు మూయి అవ్వా! వచ్చింది దయ్యం కాదు, నా ఖర్మ!"

లాంతరు పట్టుకొని దిగి, ఇంజను పక్కరేకు ఎత్తాడు. పంకా పట్టా బిగువుగానే ఉన్నది. గొట్టాలు కారడం లేదు. పక్క నుంచే చేయి చాచి, తువ్వాలు చుట్టి మూత తిప్పితే మరిగే నీళ్లు ఎగిరి ముంజేయి కాల్చాయి. నీళ్లకూ కొదవ లేదు. మరెందుకు మరుగుతోంది? బాగుచేసిన మిస్త్రీని తిట్టాడు. రోడ్డును తిట్టాడు. ఉందో లేదో తెలియని పెంటమ్మనూ తిట్టాడు.

అప్పుడు — వెనక నుంచి, సన్నగా...

"ఊపిరాడ్తలేదు... మొఖం మీది బట్ట తియ్యి..."

"అవ్వా! దాని మొఖం మీద బట్టెందుకు కప్పినవ్?"

కోపంతో ఊగిపోతూ, శారద వైపు తలుపు తెరవడానికి మోటరు ముందు నుంచి చుట్టి వెళ్లబోయాడు. లాంతరు వెలుగులో — ఎర్రచీర. మడత మీద మడత వేసి, రేడియేటరు నిండా బిగించి కట్టి ఉన్నది. గాలి చొరబడే సందు లేదు.

"ఇదెప్పుడు కట్టించినవ్?"

"నువ్వు మోటరు చాలుచేసి శారద కోసం లోపటికి పోయినప్పుడు. ముట్టకురా! మోరీ దాటినంకనే విప్పాలె!"

"దాటనిస్తే గద! అందరి మోటర్లు దీంతోనే ఆగినయి. దయ్యం గాదు, మీరే చంపిన్రు ఆళ్లను!"

చీరను పర్రున చించి మోరీలోకి విసిరాడు. ఎర్రగీత కిందికి దిగేదాకా పండ్లు కొరుకుతూ నిలబడ్డాడు. నీళ్లు నింపి హ్యాండిలు తిప్పాడు. మోటరు ఎత్తెక్కింది.

తెల్లవారేసరికి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం.

"చీర కట్టిన గనుకనే విడిచిపెట్టింది" అన్నది సావిత్రమ్మ, దండం పెడుతూ.

కాశీనాథ్‌కు మళ్లీ మండింది. భార్య మంచం వైపు తిరిగాడు.

"నువ్వన్న చెప్పు శారదా! బట్ట తియ్యమన్నది నువ్వే గద!"

శారద అతన్ని వింతగా చూసింది. రాత్రి ఇంట్లో అరిచిన అరుపులకు గొంతు ఇంకా బొంగురుగానే ఉన్నది.

"నేనేడ మాట్లాడిన? కేకలేస్తనని, ఇంటికాణ్నించి దవాఖాన దాక అత్తమ్మ నా నోట్ల కొంగు కుక్కి పట్టుకునె."