పదకొండు ప్రాణాలు, ఒక తలనొప్పి

"మూడున్నరలోపు ఆవిడ తలనొప్పి దిగాలి," అన్నాడు చీఫ్. "లేకపోతే సరిహద్దు అవతల మనవాళ్ళు పదకొండు మందీ దక్కరు."

ఆవిడ డీకోడర్. శత్రు ముఠా సంకేతాలు చదవగలిగేది ఆవిడొక్కతే. మనవాళ్ళని ఎక్కడ పట్టుకోబోతున్నారో చెప్పే సందేశం చేతికి వచ్చిన పూటే ఆవిడకి మైగ్రేన్ వచ్చింది. మాత్రలు కడుపులో నిలవడం లేదు. ఇక దారి ఒక్కటే: తల వెనక ఆనించి బటన్ నొక్కితే అయస్కాంత తరంగం పంపే చేతిమిషన్. అది క్లినిక్‌లో ఉంది.

ఏజెంట్ డేగ మెడికల్ సామాను వ్యాపారి వేషంలో వెళ్ళాడు. వెయిటింగ్ రూమ్‌లో మన ఇన్‌ఫార్మర్ 'నెమలి' నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మిషన్ ఒళ్ళో ఉంచుకుని కూర్చుంది.

"నాకూ ఇదే రోగం డేగగారూ. పొద్దుట్నుంచీ తల పగిలిపోయింది. ఇప్పుడే వాడాను, దిగింది. పట్టుకెళ్ళండి."

సులువుగా దొరికిన సరుకుని రెండుసార్లు తిప్పి చూడాలన్నది డేగ సూత్రం. ఆరోజు తొందరలో ఒక్కసారీ చూడలేదు.

మూడు గంటల పది నిమిషాలు. తెరలు దించిన గదిలో, పక్కన బకెట్టుతో డీకోడర్ పడుకుని ఉంది. మిషన్ అందుకుని తల వెనక ఆనించింది. బొటనవేలు ఆగింది.

"ఏంటయ్యా ఈ సెంటు కంపు? కడుపులో దేవుతోంది."

"ఇందాక వాడిన పేషెంటుదండీ. ఆవిడకీ మైగ్రేనే."

"మైగ్రేన్ వచ్చినప్పుడు సెంటా? నాకు సబ్బు వాసనే పడి చావదు! సర్లే, ముక్కు మూసుకుంటా..." వేలు మళ్ళీ బటన్ మీదికి వెళ్ళింది.

డేగ దూకి లాక్కున్నాడు. మూత విప్పితే, తీగచుట్ట ఉండాల్సిన చోట పేలుడు ముద్ద. బటన్‌కే డిటొనేటర్.

"మరి నా తల?" అంది డీకోడర్.

"ఇంకో మిషన్ లేదండీ."

ఆవిడ తడి తువ్వాలు కళ్ళకి బిగించుకుంది. "ఆ సందేశంలో అంకెలు చదువు. గుసగుసగా. గొంతు పెంచావో, నీ మీదే కక్కుతాను."

అతను చదివాడు. ఆవిడ పళ్ళు బిగించి ఒక్కొక్క అక్షరం చెప్పింది. మధ్యలో రెండుసార్లు బకెట్టు వాడింది. మూడూ ఇరవైతొమ్మిదికి వైర్‌లెస్‌లో కబురు వెళ్ళింది: "ఇల్లు మారండి." పదకొండో జవాబు వచ్చేదాకా ఎవరూ ఊపిరి పీల్చలేదు.

మర్నాడు లాకప్ నుంచి ఫోన్. నెమలి తల పగిలిపోతోందని గోల పెడుతోందట, ఈసారి నిజంగానే.

డీకోడర్ కళ్ళు తెరవకుండానే అంది: "ముందు ఆ సెంటు కడుక్కోమనండి."