భానూరు బండకు మూడు బొట్లు

"ఆ బండను పగలగొడితే ప్లాన్ మీద నా పేరుండదు," అంది సరస్వతి.

"బండ కోసం నాతోని కొట్లాడుతవా?" అన్నాడు బద్రీనాథ్.

1974 ఆగస్టు. ఇద్దరిదీ సంగారెడ్డే, హైదరాబాదులో ఆర్కిటెక్చర్ మూడో ఏడు. భానూరు గుట్ట కింద ఫ్యాక్టరీ కూలీలు బస్సు కోసం నిలబడే చోటికి ఒక షెడ్డు గీసుకు రమ్మని లెక్చరర్ ఇద్దరినీ జంటగా పంపాడు. బద్రి గీసిన గోడ తిన్నగా ఉంది. సరిగ్గా దానికి అడ్డంగా ఆ బండ.

"ఈ ఊరి ముసలామె ముత్యమ్మను అడిగినవా? గడ్డిమోపు దించి మూడు తరాల ఆడోళ్లు దానికే ఆనుకున్నరట. దాని మీది గుంటల నిలిచిన వాన నీళ్లు పిట్టలు తాగుతయట."

"కతలతోని గోడ నిలబడ్తదా?"

చినుకులు మొదలైతే ఆమె గొడుగు వేసుకుని, వచ్చిన బస్సు ఒక్కతే ఎక్కి వెళ్లిపోయింది.

వాన తెరిపిచ్చాక, ఆ కోపంలోనే, తీసెయ్యాలన్న గుర్తుగా బద్రి బండకు మూడు సున్నం బొట్లు పెట్టాడు.

మర్నాడు చూస్తే బొట్ల మీద కుంకుమ, పైన గన్నేరు పూలు, పక్కన కొట్టిన కొబ్బరికాయ. అతనికేమీ అర్థం కాలేదు.

"గంత సిగ్గేంది బిడ్డా?" అంది గడ్డిమోపు దించుతూ ముత్యమ్మ. "మా ఊళ్ల పెండ్లికాని పిలగాడు గీ బండకు సున్నం బొట్లు పెడితే, మనసుల పిల్ల కోసం మొక్కినట్టే. ఎవరామె?"

వెనకే టేపు పట్టుకుని వచ్చిన సరస్వతి ఆగిపోయింది. "అవును, ఎవరామె?"

నిన్న కొట్లాడిన గొంతు కాదది.

బద్రి పరేషానయ్యాడు. నిజం చెబితే ఇద్దరికీ కోపం. చెప్పకపోతే సరస్వతి ఇంకెవరో ఉన్నారనుకుంటుంది.

"మొక్కు కాదు. పగలగొట్టనీకి పెట్టిన గుర్తు," అన్నాడు చివరికి.

"అయ్యో, నేను కాయ గూడ కొడ్తిని గదరా!" అంది ముత్యమ్మ.

"అయితే పిల్ల లేనట్టేనా?" అంది సరస్వతి. అందులో ఉన్నది కోపమో ఊరటో అతనికి తెలియలేదు.

"ఉంది. నిన్న నాతోని కొట్లాడి పోయింది."

సరస్వతి చెవులు ఎర్రబడ్డాయి. ముత్యమ్మ అతన్నొకసారి, ఆమెనొకసారి చూసింది. "గట్ల జెప్పు! నా కాయ వట్టిగ పోలే."

సరస్వతి మాత్రం నవ్వలేదు. టేపు కొస అతని చేతిలో పెట్టింది. "ముందు గోడ ఎటు వంపుతవో చూపియ్యి. బండ చుట్టు జాగా విడిచి."

అతను వంగి కొలిచాడు. "మూడడుగులు సాలునా?"

"నాలుగు," అంది, టేపు వంకే చూస్తూ. "అప్పుడప్పుడు మనం గూడ వచ్చి కూసుంటం గదా."