రంగు కాని ఎరుపు

"ఎడమచేత్తో పిండితే బట్టలో నీళ్ళు బట్టలోనే ఉంటాయి. ఆ కుడిచెయ్యి ఎవరికోసం దాచుకున్నావమ్మా?"

అత్తగారి మాటకు అందరూ నవ్వారు. అందరూ అంటే పరాయివాళ్ళు కాదు... కట్టుకున్న భర్త, మరిది, తోడికోడలు. పెద్దకోడలు కూడా నవ్వేసి ఊరుకుందామనుకుంది. కానీ అరచేతిలో పుట్టిన పోటు మోచేతిదాకా పాకింది. నవ్వు పెదవుల మీదికి రాలేదు.

ఆ ఇల్లు బట్టలకు రంగులు వేసే ఇల్లు. ముందు వసారాలో రంగు తొట్లు, పెరట్లో ఆరేసే తీగలు, మధ్యలో వీళ్ళ కాపురాలు. ఈమధ్య అన్నీ ఎర్రరంగు తానులే వస్తున్నాయి. తడిబట్ట ఆరేస్తూంటే తీగ కొస ఒకటి ఆమె అరచేతిలో దిగింది. చిన్న గాయమే. గుడ్డపేలిక చుట్టుకుని మళ్ళీ తొట్టిలో చెయ్యి పెట్టింది. మొదట తగ్గినట్టే అనిపించింది. మానే గాయమైతే రోజురోజుకీ నెమ్మదించాలి కదా... ఇది తిరగబెట్టింది. చెయ్యి ఉబ్బి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టు ఒకటే సలుపు. పేలిక విప్పితే చీము, ముక్కు మూసుకోవలసిన వాసన.

"ఏవండీ, చెయ్యి బాగా ఎర్రబడిందండీ. ఒకసారి డాక్టరుకు చూపిద్దామా?" అని భర్తనడిగింది.

అతను తన రెండు చేతులూ చాచాడు. అవీ ఎర్రగానే ఉన్నాయి. "మనింట్లో ఎర్రబడని చెయ్యి ఏది? ఏమైనా ఉంటే అమ్మకు చెప్పు."

అమ్మకు చెప్పింది.

"అద్దకం ఇంటి కోడలి చెయ్యి ఎర్రగా కాక పాలలా ఉంటుందా?" అంది అత్తగారు, తొట్టిలో కర్ర తిప్పుతూ.

"అక్కయ్యను పాలకొట్టు వాళ్ళింటికి ఇవ్వాల్సింది అత్తయ్యా" అని తోడికోడలు కిసుక్కున నవ్వింది.

అత్తగారు పొద్దున్నే దేవుడి ముందు నిలబడి, ఇంట్లో అందరూ చల్లగా ఉండాలని పైకే వేడుకునేది. గుమ్మం పక్కన నిలబడి వింటూ పెద్దకోడలు, ఆ అందరిలో తానున్నానో లేదో అనుకునేది. స్వామీ, నొప్పిని నువ్వే ఇచ్చావు, చెప్పుకోవడానికి నోరూ ఇచ్చావు... వినేవాళ్ళకు చెవులెందుకు ఇవ్వలేదు? అలా అడగడం తప్పేమోనని వెంటనే లెంపలేసుకోబోయేది. కుడిచెయ్యి లేచేది కాదు.

ఆ రోజు ఒళ్ళంతా చలితో వణుకుతూనే తడిబట్ట తానును మోసింది. పెరటి గుమ్మం దాటుతుండగా కళ్ళు తిరిగాయి. అప్పుడే రంగు తేలిన బట్ట మట్టిలో పడింది.

అత్తగారు ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు దొరకబుచ్చుకుంది. "జబ్బంటావు, రంగు కాదంటావు. రా, తేల్చేద్దాం."

ఆ ఇంట్లో రంగు సంగతి తేల్చడానికి ఒక పద్ధతుంది. సబ్బునీళ్ళు పోసి, తెల్లగుడ్డతో గట్టిగా రుద్దుతారు. వదిలే రంగైతే గుడ్డకు దిగుతుంది. అత్తగారు కోడలి చేతిని బట్టలుతికే బండమీద బోర్లా పెట్టి, పైవైపు అలాగే రుద్దింది. ఎర్రనీళ్ళు కారాయి.

"చూడండ్రా, అందరూ చూడండి. రంగే."

"వద్దత్తయ్యా... మీకు దణ్ణం పెడతాను, వద్దత్తయ్యా..." కోడలు మోకాళ్ళమీద కూలిపోయింది. భర్త వసారాలోంచి చూస్తూ నిలబడ్డాడు.

"ఉండవే, పూర్తిగా పోనీ" అని అత్తగారు ఇంకో గుడ్డ తీసింది. మళ్ళీ రుద్దింది. మళ్ళీ మళ్ళీ రుద్దింది. చివరికి గుడ్డ తెల్లగానే వచ్చింది.

చెయ్యి మాత్రం ఎర్రగానే ఉంది.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ రంగులు చూస్తున్న మనిషి ఆవిడ. గుడ్డ వంక చూసింది, చేతి వంక చూసింది. బొటనవేలితో నొక్కింది. పొయ్యిమీది గిన్నె ముట్టుకున్నట్టు చురుక్కుమంది. మెల్లగా రవిక చెయ్యి పైకి జరిపింది. మణికట్టు నుంచి మోచెయ్యి దాటి చంకవైపు ఎర్రటి చార ఒకటి పాకుతోంది. మోచేతికి పైన ఏ తొట్టిలోనూ ఎవరూ చెయ్యి ముంచరు.

ఆవిడ చేతిలో గుడ్డ జారిపోయింది.

"ఒరే... ఇది రంగు కాదురా. ఆటో పిలువు."

ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి భర్తనే అడిగింది. "చీము పట్టింది, వాచింది, చెయ్యి కాలిపోతోంది, జ్వరం. ఎర్రదనం పైకి పాకుతోంది. ఇన్ని కనబడుతుంటే ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"రంగనుకున్నామండీ."

ప్రాణం దక్కింది. కుడిచేతి రెండు వేళ్ళు దక్కలేదు.

తోడికోడలు వచ్చి కట్టు వంక చూసి, "అయితే ఇక పిండే పనంతా నాదేనా?" అంది. ఎవరూ నవ్వలేదు. ఆమెను బయటికి పంపి అత్తగారు మంచం పక్కన కూర్చుంది. అన్నం కలిపింది. చాలాసేపు ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇంత బాధ పడుతూ... నాకు ఒక్కమాట చెప్పకూడదుటే?"

"చెప్పానత్తయ్యా."

అత్తగారి తల వాలిపోయింది. "చెప్పావు" అంది. మళ్ళీ తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "చెప్పావమ్మా. నేనే..." అని ఆగిపోయింది. కన్నీళ్ళు అన్నం గిన్నెలో పడ్డాయి.

ముద్ద నోటిదాకా వచ్చింది. పెద్దకోడలు ఆ చేతివైపు చూసింది. తన చేతిని బండకేసి రుద్దిన చెయ్యే. క్షమించగలదో లేదో ఆమెకింకా తెలియదు. కానీ ఆకలేస్తోంది.

నోరు తెరిచింది.